ఫ్యూయెల్ సెల్ ఎలక్ట్రోడ్ నిర్మాణం పనితీరును ఎలా నిర్ణయిస్తుంది: లెక్క నుంచి కొలత దాకా సమగ్ర మార్గదర్శి

ఒకే మెంబ్రేన్, ఒకే మోతాదు ప్లాటినం, ఒకే వాయువులు వాడి తయారుచేసిన రెండు ఫ్యూయెల్ సెల్‌లలో (హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి విద్యుత్తు పుట్టించే పరికరాల్లో) ఒకటి రెండోదానికన్నా ఎంతో ఎక్కువ విద్యుత్తు ఇవ్వడం ఈ పనిలో ఉన్నవారికి కొత్తేమీ కాదు. తేడా పదార్థాల్లో లేనప్పుడు అది వాటి అమరికలోనే ఉండాలి. ఎలక్ట్రోడ్ అనేది పది మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) మందమైన నల్లటి పూతలా కనిపించినా, లోపల అది నాలుగు రకాల రాకపోకలకు ఏకకాలంలో దారి ఇవ్వవలసిన సచ్ఛిద్ర నిర్మాణం, అంటే రంధ్రాలతో నిండిన నిర్మాణం. ఒక దారిని వెడల్పు చేస్తే మరొకటి ఇరుకవుతుంది. అందుచేత ఎలక్ట్రోడ్‌ను మెరుగుపరచాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది తమ సెల్‌లో ప్రస్తుతం ఏ దారి ఇరుకుగా ఉందన్న సంగతి. ఆ తర్వాతనే దేన్ని మార్చాలన్న ప్రశ్న వస్తుంది.

ఈ మార్గదర్శిలో హైడ్రోజన్, గాలితో సుమారు 80° సెల్సియస్ దగ్గర పనిచేసే ప్రోటాన్ మార్పిడి మెంబ్రేన్ సెల్‌ను (రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య ప్రోటాన్లను దాటనిచ్చే పాలిమర్ పొర ఉన్న సెల్‌ను), అందులోనూ 25 చదరపు సెంటీమీటర్ల ప్రయోగశాల సెల్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. చర్చలో ఎక్కువ భాగం కాథోడ్, అంటే ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్ గురించే ఉంటుంది. ఆనోడ్ మీద హైడ్రోజన్ ఆక్సీకరణ ఎంత వేగంగా జరుగుతుందంటే, శుద్ధమైన హైడ్రోజన్ ఇస్తే చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీగ్రాముల ప్లాటినం కూడా అక్కడ సరిపోతుంది. కష్టమంతా ఆక్సిజన్ వైపే ఉంది.

మొదటి దశ: నాలుగు దారులను గుర్తించడం

కాథోడ్‌లో ఒక ఆక్సిజన్ అణువు, నాలుగు ప్రోటాన్లు, నాలుగు ఎలక్ట్రాన్లు ప్లాటినం ఉపరితలం మీద కలిసి రెండు నీటి అణువులుగా మారతాయి. దీన్నిబట్టి ప్రతి ప్లాటినం రేణువు దగ్గరికి ఆక్సిజన్ రంధ్రాల గుండా, ప్రోటాన్లు అయనోమర్ (ప్రోటాన్లను మోసే పాలిమర్) గుండా, ఎలక్ట్రాన్లు ప్లాటినాన్ని మోసే కార్బన్ గుండా చేరాలి, పుట్టిన నీరు మళ్ళీ రంధ్రాల గుండానే బయటికి పోవాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తెగినా ఆ రేణువు ఖరీదైన బరువు తప్ప మరేమీ కాదు.

ఈ అవగాహన చాలా పాతది. 1842లో విలియం గ్రోవ్ తన వాయు బ్యాటరీని వివరించినప్పుడే ఆమ్లం, వాయువు, ప్లాటినం మూడూ కలిసే చోటు ఎంత విస్తారంగా ఉంటే చర్య అంత బలంగా జరుగుతుందని గ్రహించాడు. ఆ తర్వాత ఫ్రాన్సిస్ బేకన్ తన క్షార సెల్‌లో నికెల్ ఎలక్ట్రోడ్‌ను రెండు పరిమాణాల రంధ్రాలతో తయారుచేశాడు. ద్రవం వైపు సన్నని రంధ్రాలు, వాయువు వైపు పెద్ద రంధ్రాలు ఉండడంవల్ల కేశనాళిక పీడనమే ద్రవాన్ని సన్నని రంధ్రాల్లో నిలిపి ఉంచి, పెద్ద రంధ్రాలను వాయువుకు వదిలేసేది. అంటే నిర్మాణమే అక్కడ కవాటంగా పనిచేసింది.

పాలిమర్ మెంబ్రేన్ సెల్‌ల చరిత్రలో నిర్మాణం తెచ్చిన మార్పుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉంది. తొలినాటి సెల్‌లలో చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం వాడేవారు. మెంబ్రేన్‌ను తాకని ప్లాటినానికి ప్రోటాన్లు చేరేవి కావు కాబట్టి అందులో అధిక భాగం నిరుపయోగంగా ఉండేది. 1980ల రెండో సగంలో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో ఇయన్ రైస్ట్రిక్ ఎలక్ట్రోడ్ లోపలికి అయనోమర్ ద్రావణాన్ని ఇంకించాడు. దాంతో 0.4 మిల్లీగ్రాములతోనే పోల్చదగిన పనితీరు వచ్చింది. ఆ తర్వాత అక్కడే మాలన్ విల్సన్, షిమ్‌షోన్ గాటెస్‌ఫెల్డ్ ఉత్ప్రేరకాన్ని, అయనోమర్‌ను ముందే ఇంకుగా కలిపి పలుచని పొరగా పూసే పద్ధతిని రూపొందించారు. నేటికీ మనం చేస్తున్నది స్థూలంగా ఆ పద్ధతే. ఉత్ప్రేరకం మారకుండానే, కేవలం ప్రోటాన్లకు దారి వేయడంతో ప్లాటినం పదో వంతుకు తగ్గిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

రెండో దశ: కార్బన్‌ను, ప్లాటినం శాతాన్ని ఎంచుకోవడం

ప్లాటినం సాధారణంగా 2 నుంచి 5 నానోమీటర్ల రేణువులుగా కార్బన్ మీద అతుక్కొని ఉంటుంది. 3 నానోమీటర్ల గోళాకార రేణువుకు ఒక గ్రాముకు ఉండవలసిన ఉపరితలాన్ని లెక్కిస్తే సుమారు 93 చదరపు మీటర్లు వస్తుంది. నిజమైన ఎలక్ట్రోడ్‌లో కొలిచినప్పుడు 50 నుంచి 70 మధ్య వస్తే సంతోషించవచ్చు. కొన్ని రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోవడం, కొంత ఉపరితలం కార్బన్‌కు ఆనుకొని ఉండడం, కొన్నింటికి ప్రోటాన్లు అందకపోవడం ఈ తేడాకు కారణాలు.

కార్బన్ ఎంపిక మీదే రేణువులు ఎక్కడ కూర్చుంటాయన్నది ఆధారపడి ఉంటుంది. వల్కన్ ఎక్స్‌సి-72 వంటి కార్బన్‌కు గ్రాముకు సుమారు 250 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, లోపలి రంధ్రాలు తక్కువ కాబట్టి ప్లాటినం ఎక్కువగా బయటే ఉంటుంది. కెట్జెన్‌బ్లాక్ వంటి కార్బన్‌కు ఉపరితలం 800 చదరపు మీటర్ల దాకా ఉంటుంది, ప్లాటినంలో చెప్పుకోదగ్గ భాగం లోపలి రంధ్రాల్లో దాక్కుంటుంది. బయట ఉన్న రేణువుకు ఆక్సిజన్, ప్రోటాన్లు తేలిగ్గా చేరతాయి గాని, అయనోమర్‌లోని సల్ఫోనేట్ అనే ఆమ్ల సమూహాలు దాని మీద అధిశోషణం చెంది (అంటుకొని) క్రియాశీలతను తగ్గిస్తాయి. లోపల ఉన్న రేణువుకు ఆ బెడద ఉండదు, కనుక తక్కువ విద్యుత్ ప్రవాహం దగ్గర అది మెరుగ్గా పనిచేస్తుంది. అయితే ప్రవాహం పెరిగినప్పుడు రంధ్రపు ఇరుకు మెడ గుండా ఆక్సిజన్ రావలసి వచ్చి వెనకబడుతుంది.

ఈ రెండింటి మధ్య రాజీగా వచ్చినవే నాలుగైదు నానోమీటర్లు, అంతకు కాస్త పైబడిన వ్యాసం గల తెరిచిన మధ్యరంధ్రాలున్న కార్బన్‌లు. ప్లాటినం లోపల ఉంటుంది, అయనోమర్ ఆ రంధ్రంలోకి పెద్దగా దూరదు, ఆక్సిజన్ మాత్రం దూరుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా వల్కన్ మీద 40 శాతం ప్లాటినం ఉన్న ఉత్ప్రేరకంతో ఆరంభించమనే. అది అన్నింటికన్నా మంచిదని కాదు, దాని ప్రవర్తనను అర్థం చేసుకోవడం తేలిక కాబట్టి.

మూడో దశ: పొరను ముందుగా కాగితం మీద నిర్మించడం

ఇంకు కలపడానికి ముందు చేయవలసిన ఈ లెక్కను చాలామంది దాటవేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో అత్యంత విలువైన అరగంట ఇదే.

మన లక్ష్యం 25 చదరపు సెంటీమీటర్ల మీద, చదరపు సెంటీమీటరుకు 0.2 మిల్లీగ్రాముల ప్లాటినం అనుకుందాం. మొత్తం ప్లాటినం 5 మిల్లీగ్రాములు. 40 శాతం ఉత్ప్రేరకం వాడితే పొడి 12.5 మిల్లీగ్రాములు, అందులో కార్బన్ 7.5 మిల్లీగ్రాములు. అయనోమర్‌ను ఎప్పుడూ కార్బన్ బరువుతో పోల్చి చెప్పడం మంచిది, ఎందుకంటే అది పరుచుకునేది ప్రధానంగా కార్బన్ మీదే. ఈ నిష్పత్తిని 0.8గా తీసుకుంటే అయనోమర్ 6 మిల్లీగ్రాములు, అంటే 5 శాతం ద్రావణంలో 120 మిల్లీగ్రాములు. ఆరిన పొర మొత్తం బరువు 18.5 మిల్లీగ్రాములు, అందులో ప్లాటినం 27 శాతం. పూత వేశాక బరువు తూచి ప్లాటినం మోతాదును తెలుసుకోవడానికి ఈ శాతమే ఆధారం.

ఇప్పుడు మందం చూద్దాం. ఇటువంటి కార్బన్‌తో చేసిన పొరల్లో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము కార్బన్ సుమారు 28 మైక్రాన్ల మందాన్ని ఇస్తుందన్నది అనుభవంతో స్థిరపడిన లెక్క. మన పొరలో కార్బన్ 0.3 మిల్లీగ్రాములు, కనుక మందం సుమారు 8.4 మైక్రాన్లు. ఇందులో ఘనపదార్థాలు ఎంత చోటు ఆక్రమిస్తాయో సాంద్రతలతో (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) భాగిస్తే తెలుస్తుంది. కార్బన్ సాంద్రత 2గా తీసుకుంటే అది 1.5 మైక్రాన్లకు, ప్లాటినం సాంద్రత 21.45 కాబట్టి అది 0.1 మైక్రానుకు, అయనోమర్ సాంద్రత దాదాపు 2 కాబట్టి అది 1.2 మైక్రాన్లకు సమానం. మొత్తం 2.8 మైక్రాన్లు. మిగిలినదంతా ఖాళీ, అంటే సచ్ఛిద్రత సుమారు 67 శాతం.

ఇదే లెక్కలో అయనోమర్-కార్బన్ నిష్పత్తిని 0.8 నుంచి 1.5కి పెంచితే అయనోమర్ 2.25 మైక్రాన్ల చోటు తీసుకుంటుంది, సచ్ఛిద్రత 54 శాతానికి పడిపోతుంది. అయనోమర్ నీరు పీల్చుకొని మూడో వంతు ఉబ్బిందనుకుంటే అది 45 శాతానికి చేరుతుంది. పైగా ముందుగా మూసుకుపోయేవి సన్నని రంధ్రాలే, వాటిలోనే ఉత్ప్రేరకం ఎక్కువగా ఉంటుంది. అయనోమర్ ఎక్కువైతే వాయువు దారి ఎలా మూసుకుపోతుందో ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది.

ప్రోటాన్ల వైపు నుంచి చూస్తే లెక్క తలకిందులవుతుంది. 0.8 నిష్పత్తి దగ్గర అయనోమర్ పొర ఘనపరిమాణంలో 14 శాతమే. బాగా తడిసిన అయనోమర్ వాహకతను సెంటీమీటరుకు 0.1 సీమెన్స్‌గా తీసుకొని, దారి వంకరటింకరగా ఉండడాన్ని ఘనపరిమాణ భిన్నం ఒకటిన్నర ఘాతంతో లెక్కకట్టే బ్రగ్గెమాన్ సూత్రాన్ని వాడితే, పొర మొత్తం ప్రోటాన్ నిరోధం దాదాపు 0.16 ఓమ్ చదరపు సెంటీమీటర్లు వస్తుంది. చర్య పొర అంతటా సమానంగా జరిగితే ప్రభావం చూపేది ఇందులో మూడో వంతే, కాబట్టి చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ దగ్గర నష్టం సుమారు 50 మిల్లీవోల్టులు. గాలి ఎండిపోయి వాహకత సగానికి తగ్గితే ఈ నష్టం రెట్టింపవుతుంది.

ప్లాటినం మోతాదు మార్చకుండా 40 శాతానికి బదులు 20 శాతం ఉత్ప్రేరకం వాడితే ఏమవుతుందో కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. కార్బన్ 0.8 మిల్లీగ్రాములకు, మందం 22 మైక్రాన్లకు పెరుగుతుంది. రేణువులు మరింత చిన్నవిగా, విడివిడిగా ఉంటాయి గాని ప్రోటాన్లు, ఆక్సిజన్ ప్రయాణించవలసిన దూరం రెండున్నర రెట్లు దాటిపోతుంది. 60, 70 శాతం ఉత్ప్రేరకం పొరను పలుచన చేస్తుంది, కాని రేణువులు పెద్దవై గ్రాముకు దక్కే ఉపరితలం తగ్గుతుంది. పొరను విపరీతంగా పలుచన చేయడమూ నిరపాయకరం కాదు. త్రీఎమ్ సంస్థ రూపొందించిన నానో నిర్మాణ పలుచని పొర ఎలక్ట్రోడ్‌లో అయనోమర్ లేకుండా, ఒక మైక్రాను లోపు మందంలో సూక్ష్మ తంతువుల మీద ప్లాటినం ఉండేది. ఉపరితల క్రియాశీలతలో అది గొప్పది, కాని పుట్టిన నీటిని నిలుపుకొనే చోటే లేకపోవడంతో చల్లని స్థితిలో తొందరగా నీటితో నిండిపోయేది.

నాలుగో దశ: ఇంకు తయారీ

ముందుగా భద్రత సంగతి. పొడి ప్లాటినం-కార్బన్ ఉత్ప్రేరకం మీద నేరుగా ఆల్కహాల్ పోస్తే గాలిలో అది అంటుకునే ప్రమాదం ఉంది. పొడిని తూచిన వెంటనే నీటితో పూర్తిగా తడిపి, ఆ తర్వాతే ప్రొపనాల్‌ను, చివరగా అయనోమర్ ద్రావణాన్ని కలపాలి. ఈ క్రమాన్ని ఎవరికోసమూ, ఎంత తొందరలోనూ మార్చవద్దు.

నీరు, ఆల్కహాల్ నిష్పత్తి కేవలం పూత సౌకర్యానికి సంబంధించినది కాదు. ద్రావకాన్నిబట్టి అయనోమర్ గొలుసులు ముద్దగా ముడుచుకోవడమో, విచ్చుకోవడమో జరుగుతుంది, ఆరిన తర్వాత కార్బన్ మీద అయనోమర్ ఎంత సమంగా పరుచుకుందన్నది దాని మీదే ఆధారపడుతుంది. కార్బన్ ప్రాథమిక రేణువు 30 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటే, అవి గుంపులై వందల నానోమీటర్ల ముద్దలవుతాయి. ఆ ముద్దల మధ్య ఖాళీలే పెద్ద రంధ్రాలు, ముద్దల లోపలివి చిన్నవి. అంటే ఇంకును ఎంత చిలికామన్నదే రంధ్రాల పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. తక్కువ చిలికితే పెద్ద ముద్దల లోపలి ప్లాటినానికి ఏదీ చేరదు. అతిధ్వని పరికరంలో మరీ ఎక్కువసేపు ఉంచితే ప్లాటినం రేణువులు కార్బన్ నుంచి ఊడిపోతాయి, ఇంకు వేడెక్కి ఆల్కహాల్ ఆవిరవుతుంది. మంచునీటి తొట్టిలో పెట్టి, విరామాలిస్తూ చేయడం మేలు. ఎంతసేపు అన్న దానికి అందరికీ వర్తించే అంకె లేదు. మీ పరికరానికి మీరే ఒక సమయం ఖరారు చేసుకొని, ఆ తర్వాత ప్రతి ఎలక్ట్రోడ్‌కూ దాన్నే పాటించాలి.

ఐదో దశ: పూత, ఆరబెట్టడం, అతికించడం

ఇంకును నేరుగా మెంబ్రేన్ మీద చల్లవచ్చు, టెఫ్లాన్ వంటి పలక మీద పూసి వేడితో మెంబ్రేన్ మీదికి బదిలీ చేయవచ్చు, లేదా వెనక ఉండే వాయు విసరణ పొర (వాయువును లోపలికి పంచే కార్బన్ పేపర్) మీదే పూయవచ్చు. చివరి పద్ధతి తేలికైనదే గాని ఇంకు కొంత ఆ పొర రంధ్రాల్లోకి దిగిపోయి, మెంబ్రేన్‌తో స్పర్శ బలహీనపడుతుంది. ప్రోటాన్ నిరోధాన్ని జాగ్రత్తగా పోల్చవలసిన పనిలో మొదటి రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. బదిలీ పద్ధతిలో సాధారణ నాఫియాన్ మెంబ్రేన్‌కు 130° నుంచి 150° సెల్సియస్ మధ్య వేడి, కొద్ది నిమిషాల ఒత్తిడి అవసరమవుతాయి. ఒత్తిడి అతిగా పెంచితే మనం లెక్కగట్టిన 67 శాతం ఖాళీలో కొంత నలిగిపోతుంది.

ఆరేటప్పుడు రంధ్రాల్లోని ద్రవం కేశనాళిక బలంతో రేణువులను దగ్గరికి లాగుతుంది. పొర మందంగా ఉంటే, లేదా మరీ వేగంగా ఆరితే, ఎండిన చెరువు అడుగులా బీటలు పడుతుంది. కొద్దిపాటి బీటలు నీరు పోవడానికి దోహదపడతాయనే వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. అయినా వాటి అంచుల దగ్గర మెంబ్రేన్ మీద ఒత్తిడి పెరుగుతుంది గనుక వాటిని కోరి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. పలుచని పొరలుగా పలుమార్లు చల్లడం, అయనోమర్ పాలు తగ్గకుండా చూడడం బీటలను తగ్గిస్తాయి.

పూతకు ముందు, తర్వాత తూకం వేయండి. మెంబ్రేన్ గాలిలోని తేమను పీల్చుకొని బరువు మారుతుంది, కాబట్టి పక్కన ఒక చిన్న పలుచటి రేకు ముక్కను కూడా ఉంచి దాని మీద పడిన పూతను తూచడం నమ్మదగిన పద్ధతి.

ఆరో దశ: వాయు విసరణ పొర, బిగింపు

ఉత్ప్రేరక పొర వెనక ఉండే కార్బన్ పేపర్ సాధారణంగా 150 నుంచి 300 మైక్రాన్ల మందం, 70 నుంచి 80 శాతం సచ్ఛిద్రత కలిగి, నీరు అంటకుండా టెఫ్లాన్‌తో శుద్ధిచేసి ఉంటుంది. దాని మీద కార్బన్ పొడి, టెఫ్లాన్ కలిపి పూసిన సూక్ష్మరంధ్ర పొర ఉత్ప్రేరక పొరకు ఆనుకొని ఉంటుంది. పెద్ద రంధ్రాల పేపర్ నేరుగా తగిలితే, ఆ సరిహద్దులో నీటి చుక్కలు చేరి ఆక్సిజన్‌కు అడ్డుపడతాయి. ఈ నడిమి పొర నీరు అలా పొరలా పేరుకోకుండా చూస్తుంది. నీటి పరిమాణం తక్కువేమీ కాదు. 25 ఆంపియర్ల దగ్గర మన సెల్ గంటకు 8.4 గ్రాముల నీటిని పుట్టిస్తుంది.

బిగింపును గాస్కెట్ (అంచుల చుట్టూ వాయువు బయటికి పోకుండా పెట్టే పట్టీ) మందంతోనే నియంత్రించాలి, బోల్టుల బలంతో కాదు. 240 మైక్రాన్ల విసరణ పొర 20 శాతం నలగాలంటే అది 192 మైక్రాన్లకు చేరాలి. దానికి ఉత్ప్రేరక పొర 8 మైక్రాన్లు కలిపితే, నలగని రకం గాస్కెట్ 200 మైక్రాన్ల దగ్గర ఉండాలి. తక్కువ నలిగితే స్పర్శ నిరోధం పెరుగుతుంది, ఎక్కువ నలిగితే వాయువును పంచే పలకలోని కాలువల మధ్య గట్ల కింద ఆక్సిజన్‌కు దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క లోపాన్ని ఉత్ప్రేరకం లోపంగా భ్రమపడి వారాల కాలం వృథా చేసుకున్న అనుభవం నాకుంది.

ఏడో దశ: కొలతలు, వాటి వరుస

కొత్త సెల్‌ను తేమ నిండిన వాయువులతో, వోల్టేజీని మారుస్తూ కొన్ని గంటలు నడిపి, రెండు వరుస పరుగుల మధ్య తేడా లేనంతవరకు ఓపిక పట్టాలి. ఆ తర్వాత కాథోడ్‌కు నైట్రోజన్, ఆనోడ్‌కు హైడ్రోజన్ ఇచ్చి మొదటి మూడు కొలతలు తీసుకోవాలి.

మొదటిది, మెంబ్రేన్ గుండా హైడ్రోజన్ ఎంత దాటుతోందన్నది. చదరపు సెంటీమీటరుకు కొద్ది మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి, అంతకు మించితే మెంబ్రేన్‌కు చిల్లు పడి ఉండవచ్చు గనుక ముందుకు సాగడం అనవసరం. రెండోది, చక్రీయ వోల్టామెట్రీతో (వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ ప్రవాహాన్ని కొలిచే పద్ధతితో) ప్లాటినం క్రియాశీల ఉపరితలం. హైడ్రోజన్ అధిశోషణపు విద్యుదావేశాన్ని, చదరపు సెంటీమీటరు ప్లాటినానికి 210 మైక్రోకూలుంబులు అన్న విలువతో భాగించాలి. గ్రాముకు 60 చదరపు మీటర్లు వచ్చిందంటే, మన 0.2 మిల్లీగ్రాములకు ఎలక్ట్రోడ్ చదరపు సెంటీమీటరుకు 120 చదరపు సెంటీమీటర్ల ప్లాటినం ఉన్నట్టు. తేమను తగ్గించి ఇదే కొలత మళ్ళీ తీసుకుంటే, అయనోమర్ తాకని రేణువులు లెక్కలోంచి జారిపోతాయి. కార్బన్ లోపల ఎంత ప్లాటినం ఉందో తెలుసుకోవడానికి ఇదొక చక్కని ఉపాయం.

మూడోది ఇంపిడెన్స్, అంటే వివిధ పౌనఃపున్యాల ఏకాంతర విద్యుత్తుకు సెల్ చూపే నిరోధం. చర్య లేని ఈ స్థితిలో అధిక పౌనఃపున్యాల దగ్గర 45 డిగ్రీల ఏటవాలు గీత, ఆ తర్వాత దాదాపు నిట్టనిలువు గీత వస్తాయి. నిలువు గీతను కిందికి పొడిగిస్తే అడ్డ అక్షం మీద అది తాకే చోటికి, ఏటవాలు గీత అదే అక్షాన్ని తాకే చోటికి మధ్య దూరం పొర ప్రోటాన్ నిరోధంలో మూడో వంతు. మూడో దశలో కాగితం మీద వచ్చిన 0.05 ఓమ్‌ను ఇప్పుడు నిజంతో సరిపోల్చవచ్చు.

తర్వాత కాథోడ్‌కు ఆక్సిజన్, ఆపైన గాలి ఇచ్చి వోల్టేజీ-ప్రవాహ రేఖలను గీయాలి, ప్రతి బిందువు దగ్గరా అధిక పౌనఃపున్య నిరోధాన్ని (ఇది ప్రధానంగా మెంబ్రేన్, స్పర్శలది) కూడా నమోదు చేయాలి. చివరగా, ఆక్సిజన్‌ను ఒకటి నుంచి నాలుగు శాతానికి పలుచన చేసి, ప్రవాహం ఇక పెరగని స్థితిని వివిధ పీడనాల వద్ద కొలవాలి. కాలువలోని ఆక్సిజన్ గాఢతను ఫారడే స్థిరాంకానికి నాలుగు రెట్లతో గుణించి ఈ పరిమిత ప్రవాహంతో భాగిస్తే ఆక్సిజన్ రవాణా నిరోధం వస్తుంది. పీడనంతో పాటు మారే భాగం పెద్ద రంధ్రాలది, అంటే కార్బన్ పేపర్‌ది. పీడనం ఎంత మారినా మారని భాగం వంద నానోమీటర్ల లోపు సన్నని రంధ్రాలలో గోడలకు తగులుతూ సాగే నూడ్‌సెన్ విసరణది, అయనోమర్ పలుచని పొరది.

ఎనిమిదో దశ: రేఖను చదివి నిర్మాణాన్ని సరిదిద్దడం

80° సెల్సియస్ దగ్గర సిద్ధాంతరీత్యా దక్కవలసిన వోల్టేజీ 1.18. చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ దగ్గర మన సెల్ 0.6 నుంచి 0.65 వోల్టులు ఇస్తే ఆ మిగతా అర వోల్టు ఎక్కడికి పోయిందో విడదీయాలి. సింహభాగం ఆక్సిజన్ చర్య మందకొడితనానిదే. ప్రవాహం పదిరెట్లు పెరిగినప్పుడల్లా సుమారు 70 మిల్లీవోల్టులు పోతాయి. మిగిలిన దాంట్లో మెంబ్రేన్, స్పర్శల నిరోధానిది, పొర లోపలి ప్రోటాన్ నిరోధానిది, ఆక్సిజన్ రవాణాది ఒక్కొక్కటి కొన్ని పదుల మిల్లీవోల్టులు. నిర్మాణంతో మనం గెలుచుకోగలిగినది ముఖ్యంగా ఈ చివరి రెండే.

మెంబ్రేన్ నిరోధపు నష్టాన్ని తీసివేసిన తర్వాత ఆక్సిజన్ రేఖను ప్రవాహపు సంవర్గమానంతో గీయండి. తక్కువ ప్రవాహం దగ్గర 70 మిల్లీవోల్టుల వాలు ఉండి, ప్రవాహం పెరిగే కొద్దీ అది 140 వైపు వంగుతుంటే, పొర లోతులోని ఉత్ప్రేరకానికి ప్రోటాన్లు అందడం లేదని, లేదా ముద్దల లోపలికి ఆక్సిజన్ అందడం లేదని అర్థం. శుద్ధ ఆక్సిజన్‌లోనూ ఈ వంపు బలంగా ఉంటే ప్రోటాన్లనే ముందుగా అనుమానించాలి, ఇంపిడెన్స్ కొలత దాన్ని ధ్రువీకరిస్తుంది. మందు రెండు రకాలు. అయనోమర్-కార్బన్ నిష్పత్తిని కొద్దిగా, అంటే 0.1 చొప్పున పెంచడం ఒకటి, పొరను పలుచన చేయడం మరొకటి. గాలి తేమ తక్కువగా ఉండే వినియోగానికైతే తక్కువ తుల్యభారం గల, అంటే ఆమ్ల సమూహాలు ఎక్కువగా ఉన్న అయనోమర్‌కు మారడం మేలు, అయితే అది ఎక్కువ ఉబ్బుతుంది గనుక నిష్పత్తిని కాస్త తగ్గించాలి.

ఆక్సిజన్‌కు, గాలికి మధ్య తేడా తక్కువ ప్రవాహం దగ్గర దాదాపు 50 మిల్లీవోల్టుల లోపే ఉంటుంది, అది గాఢత తేడా వల్ల వచ్చే సహజమైన తేడా. ప్రవాహంతో పాటు అది వంద, నూట యాభైకి పెరుగుతుంటే దోషం రవాణాలో ఉంది. పీడనంతో మారే భాగం పెద్దదైతే ఉత్ప్రేరక పొరను ముట్టుకోవద్దు, బిగింపును, కార్బన్ పేపర్‌ను, నీటి నిల్వను చూడండి. మారని భాగం పెద్దదైతే అయనోమర్ ఎక్కువైందా, పొర నలిగిందా అని చూడండి.

ప్లాటినం తగ్గించేవారికి ఇక్కడొక ఉచ్చు ఉంది. మోతాదును సగం చేస్తే 70ని 2 సంవర్గమానంతో గుణించగా వచ్చే 21 మిల్లీవోల్టులే పోవాలి. తక్కువ ప్రవాహం దగ్గర అంతే పోతుంది కూడా. కాని మోతాదు 0.2 నుంచి 0.05కి దిగినప్పుడు ప్లాటినం ఉపరితలం 120 నుంచి 30కి పడిపోయి, ఒక ఆంపియర్ దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు ప్లాటినం 8 మిల్లీఆంపియర్లకు బదులు 33 మిల్లీఆంపియర్లు మోయవలసి వస్తుంది. ఆ ప్రవాహానికి కావలసిన ఆక్సిజన్ మొత్తం ఆ చిన్న ఉపరితలాన్ని కప్పిన కొద్ది నానోమీటర్ల అయనోమర్ గుండానే దూరాలి. అందుకే పూర్తి శక్తి దగ్గర నష్టం లెక్కకు మించి ఉంటుంది. ఉత్ప్రేరకం క్రియాశీలతను పెంచినా ఇది పూర్తిగా తీరదు. రేణువులను చిన్నవిగా, సమంగా చెదిరి ఉండేలా చేసి ఉపరితలాన్ని నిలబెట్టడం, ఇంతకుముందు చెప్పిన మధ్యరంధ్రాల కార్బన్‌ను వాడడం, అయనోమర్ పూతను పలుచగా సమంగా పరచడం దీనికి దారులు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, ప్రతి రూపానికీ కనీసం మూడు సెల్‌లు కట్టండి. చేతితో చల్లిన ఎలక్ట్రోడ్‌లలో ఒకదానికొకటి ఇరవై మిల్లీవోల్టుల తేడా రావడం మామూలే గనుక, ఒక్క సెల్‌లో కనిపించిన పదిహేను మిల్లీవోల్టుల లాభాన్ని లాభంగా లెక్కించలేం.

తొమ్మిదో దశ: నిర్మాణం ఎంతకాలం నిలుస్తుంది

తొలిరోజు బాగున్న నిర్మాణం చివరిదాకా అలాగే ఉండదు. వోల్టేజీ పైకీ కిందికీ మారుతుంటే ప్లాటినం కరిగి, పెద్ద రేణువుల మీద మళ్ళీ పేరుకుంటుంది, కొంత మెంబ్రేన్‌లోకి వెళ్ళిపోతుంది. దీన్ని వేగంగా పరీక్షించడానికి 0.6, 0.95 వోల్టుల మధ్య 30,000 చక్రాలు తిప్పే పద్ధతి ప్రమాణంగా వాడుకలో ఉంది. ఆనోడ్‌లో గాలి ఉన్నప్పుడు సెల్‌ను ప్రారంభిస్తే, హైడ్రోజన్ ఇంకా చేరని భాగానికి ఎదురుగా ఉన్న కాథోడ్ దాదాపు 1.5 వోల్టుల దాకా పోతుంది, అప్పుడు కార్బనే కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దీన్ని 1.0 నుంచి 1.5 వోల్టుల మధ్య చక్రాలతో పరీక్షిస్తారు. ఎక్కువ ఉపరితలం గల కార్బన్ త్వరగా క్షీణిస్తుంది, గ్రాఫైట్‌గా మార్చిన కార్బన్ తట్టుకుంటుంది గాని దాని మీద ప్లాటినాన్ని సన్నగా చెదరగొట్టడం కష్టం.

పరీక్షకు ముందు, తర్వాత ఏడో దశలోని కొలతలన్నీ అదే వరుసలో మళ్ళీ తీసుకోండి. ఉపరితలం తగ్గి, మారని రవాణా నిరోధం అదే పాళ్ళలో పెరిగితే అది ప్లాటినం కరగడం. ఉపరితలం కొద్దిగానే తగ్గినా రవాణా నిరోధం బాగా పెరిగితే కార్బన్ చట్రం కూలి రంధ్రాలు మూసుకుపోయినట్టు. అనుమానం తీరాలంటే సెల్‌ను విప్పి, అడ్డకోతను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూడాలి. 8.4 మైక్రాన్లు ఉండవలసిన పొర ఐదో ఆరో మైక్రాన్లకు కుంగి కనిపిస్తే, పోయినది ఏమిటో ఆ చిత్రమే చూపిస్తుంది.